మా దూదిగాడి డ్రాప్ టెస్ట్

మా తమ్ముడిని పనిచేసే చోట అందరూ దూది అంటారు. అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నబ్బా అని వాడే ఒక్క క్షణం చుట్టూ చూసుకుంటాడు. గాజు సామాను గోదాంలో ప్యాకింగ్ పని వాడిది. గ్లాసులు, కూజాలు, అద్దాలు, ఏవైనా సరే, వాడు పెట్టెలో సర్దిన సరుకు పగిలిందన్న మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. లారీ బోల్తా పడినా దూది కట్టిన పెట్టె బట్టలు దులుపుకుని లేచి కూర్చుంటుందని వాళ్ల మేనేజరు నలుగురిలో అన్నాడట. ఆ ఒక్క మాటతో వాడికి కొమ్ములు మొలిచాయి. పెట్టె కట్టడంలో తనను మించినవాడు భూమ్మీద లేడని వాడి నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకం కూడా అదే, కానీ ఆ సంగతి వాడికి చెప్పను.

వాళ్ల గోదాంలో ఒక పద్ధతి ఉంది. కొత్త రకం పెట్టె ఏది తయారుచేసినా, లోపల ఒక పాత గ్లాసు పెట్టి ఎత్తు నుంచి కిందికి వదిలేస్తారు. గ్లాసు బతికితే పెట్టె పాసయినట్టు. దాన్ని డ్రాప్ టెస్ట్ అంటారు. పెట్టె వదిలేటప్పుడు మావాడు కళ్లు గట్టిగా మూసుకుంటాడట. పాత గ్లాసే అయినా సరే, అది పగలడం చూడలేడు. అంత సున్నితం.

ఇలాంటివాడికి పాప పుట్టింది.

మేమందరం ఉండేది ఒకే ఇంట్లో. కింద ముందు గదిలో నా ఇస్త్రీ షాపు, వెనక గదిలో నేనూ మా ఆయనా. పై వాటాలో దూదీ, మా మరదలూ. పైకి వెళ్లే మెట్లు బయటినుంచి, సరిగ్గా నా ఇస్త్రీ బల్ల ఎదుట నుంచే వెళ్తాయి. కాబట్టి పైన ఏం జరిగినా నాకు తెలియకుండా ఉండదు.

ఆస్పత్రి నుంచి పాప వచ్చేలోపే పై వాటా రూపం మారిపోయింది. బల్ల మూలలకు, మంచం కోళ్లకు, తలుపు అంచులకు, చివరికి గోడలకు కూడా బుడగల కవరు చుట్టేశాడు.

"పాపకింకా మెడే నిలబడలేదు. వెళ్లి గోడకెలా గుద్దుకుంటుందిరా?" అని అడిగాను.

"గుద్దుకున్నాక చుట్టమంటావా అక్కా?" అన్నాడు.

అక్కడితో ఆగాడా? గోదాం నుంచి స్టిక్కర్లు తెచ్చి ఉయ్యాలకు అంటించాడు. ఒకదాని మీద 'జాగ్రత్త, పగిలే వస్తువు' అని ఉంది. ఇంకోదాని మీద 'ఈ వైపు పైకి' అని, బాణం గుర్తుతో సహా. ఆ బాణం చూసి నేను పొట్ట చేత్తో పట్టుకుని నవ్వినందుకు రెండ్రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు.

మా మరదలు తక్కువేం తినలేదు. ఆమె మందుల షాపులో పనిచేసేది. అది మరీ ప్రమాదం. మనం తుమ్మితే అది తుమ్మే. ఆమె ముందు ఎవరైనా తుమ్మితే ఆమెకు పది మందులు, ఆ మందులు వాడే ఇరవై జబ్బులు వరసగా గుర్తొస్తాయి. పాప ఆవులిస్తే ఊపిరి చాలడం లేదేమోనని కిటికీ తీసేది. తీశాక గాలి ఎక్కువైందని మూసేది. పాప నిద్రపోతే, ఊపిరి ఆడుతోందో లేదో చూద్దామని ముక్కు దగ్గర వేలు పెట్టేది. ఆ వేలు తగిలి పాప లేచేది. లేచినందుకు మొగుడి మీద విరుచుకుపడేది, అదీ గుసగుసల్లోనే. గట్టిగా అరిస్తే పాప ఉలిక్కిపడుతుంది కదా! గుసగుసల్లో పోట్లాడుకునే మొగుడూ పెళ్లాలను నా జన్మలో వీళ్లనే చూశాను.

మా ఆయన ఒకసారి మెట్ల మీద తుమ్మాడు. పాపం, పైకెక్కుతూ కూడా కాదు, దిగుతూ. అంతే, ఆ రోజు నుంచి ఆయనకు మెట్లు బందు. ఆయన దిగిన మెట్లన్నీ దూది సబ్బునీళ్లు పోసి కడిగాడు. అప్పటి నుంచి మా ఆయనకు తుమ్ము వస్తే సొంత ఇంట్లోనే ముక్కు మూసుకుని వీధి చివరికి పరిగెత్తేవాడు.

ఇదంతా చూసి నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ నాకు ఒకటే కోరిక ఉండేది. ఆ పాపను ఒక్కసారి ఎత్తుకోవాలి. అదేం పెద్ద కోరికండీ, మేనత్తను! పాప పుట్టినప్పటి నుంచీ దాన్ని దూరం నుంచి చూడటమే తప్ప, ఇలా నా చేతుల్లో పెట్టినవాళ్లు లేరు. ఆస్పత్రిలో అడిగితే "ఇంటికి వచ్చాక" అన్నారు. ఇంటికొచ్చాక "మెడ నిలబడ్డాక" అన్నారు. మెడ నిలబడింది. నేను మాత్రం తలుపు పక్కన నాకు కేటాయించిన కుర్చీలోనే కూర్చున్నాను.

ఒకరోజు పట్టుదలగా పైకి వెళ్లాను. ఇవాళ ఎత్తుకోకుండా కిందికి దిగేది లేదని అనుకునే వెళ్లాను.

"వదినా, చేతులు కడుక్కున్నారా?" అంది మరదలు, గుసగుసగా.

"కడుక్కున్నానమ్మా."

"కింద కడుక్కున్నారా, పైకొచ్చాక కడుక్కున్నారా? మధ్యలో మెట్ల పిట్టగోడ ముట్టుకుని ఉంటారు కదా."

మళ్లీ కడుక్కున్నాను. దూది నా చేతులు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, గ్లాసు వెలుతురుకు పెట్టి చూసినట్టు చూశాడు.

"అక్కా, వేడిగా ఉన్నాయి."

"ఇస్త్రీ చేసే చేతులు వేడిగా ఉండక మంచులా ఉంటాయా?"

"పాప ఒళ్లు కందిపోతుందేమో."

సరే కదా అని చన్నీళ్ల బకెట్టులో చేతులు ముంచుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక తీసి చూపించాను.

"అయ్యో, ఇప్పుడు మరీ చల్లగా ఉన్నాయి వదినా. జలుబు చేస్తుంది," అంది మరదలు.

ఇక మామూలు వేడికి వచ్చేదాకా కూర్చుందామంటే, అప్పటికి పాప నిద్రపోయింది. నిద్రపోయే పాపను కదపకూడదట. ఇద్దరూ నన్ను తలుపు దాకా సాగనంపి, చప్పుడు కాకుండా గొళ్లెం పెట్టుకున్నారు. ఆ గొళ్లానికి కూడా గుడ్డ చుట్టి ఉంది.

కిందికొచ్చి ఏడ్చాను. దాచేదేముంది, బాగానే ఏడ్చాను. అమ్మ పనికి వెళ్తే ఈ దూదిగాడిని చంకనేసుకుని వీధులన్నీ తిరిగింది నేను. నా నడుం ఎడమ వైపుకు కాస్త ఒరిగి ఉంటుందంటే అది వాడి పుణ్యమే. వాడు నా చేతుల్లోనే నిద్రపోయేవాడు, నా చేత్తో పెడితేనే తినేవాడు. నా ఇద్దరు కూతుళ్లూ ఈ ఇస్త్రీ బల్ల కిందే పాకి, పెరిగి, కాపురాలకు వెళ్లారు. ఒక్కరి ఒళ్లూ కందిపోలేదు. అలాంటి చేతులు ఇప్పుడు వాడి బిడ్డకు పనికిరాకుండా పోయాయా?

"నీ మీద నమ్మకం లేక కాదే. వాడికి వాడి మీదే నమ్మకం లేదు. పాపను ఎత్తుకున్నప్పుడు చూశావా, ఊపిరి బిగబట్టి నిలబడతాడు," అన్నాడు మా ఆయన.

"అయితే నాకిస్తే హాయిగా ఊపిరి పీల్చుకుంటాడుగా!" అన్నాను.

ఇలా ఉండగా పాపకు టీకా వేయించే రోజు వచ్చింది. అప్పటిదాకా డాక్టరమ్మ ఇంటికే వచ్చి వేసేది. ఇకనుంచి మీరే రండి అందట. ఎలా తీసుకెళ్లాలి అన్నదాని మీద పైన వారం పాటు గుసగుసల యుద్ధం నడిచింది. చేతుల్లో తీసుకెళ్తే మెట్ల మీద కాలు జారుతుందేమోనని వాడి భయం. పడుకోబెట్టి తీసుకెళ్లే బండిలో పెడితే చక్రం ఊడుతుందేమోనని ఆమె భయం. నేను ఎత్తుకుని దిగుతానని మెట్ల కింద నుంచి కేకేశాను. ఇద్దరూ ఒకేసారి "ష్‌!" అన్నారు.

చివరికి దూదికి వాడి విద్యే దారి చూపింది. గోదాం నుంచి గట్టి వెదురు బుట్ట ఒకటి తెచ్చాడు. దానికి లోపల దూది, బయట థర్మోకోల్, ఆపైన బుడగల కవరు వరసలు వరసలుగా వేసి, తాళ్లతో బిగించాడు. గోదాంలో ఏ కూజాకూ అంత మర్యాద జరిగి ఉండదు. రెండు సెలవు రోజులు దాని మీదే కూర్చున్నాడు. నాకు చూపించి, "ఎలా ఉందక్కా?" అన్నాడు. "ఇందులో నన్ను కూడా పెట్టి ఎటైనా పంపించెయ్యరా," అన్నాను. వాడికి కోపం రాలేదు. అంత సంతోషంలో ఉన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను ఒక వకీలుగారి తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. మెట్ల మలుపులో ఏదో కదిలినట్టయి తలెత్తాను. అక్కడ నడుం ఎత్తున పిట్టగోడ ఉంటుంది. దాని మీదుగా దూది ముందుకు వంగి, ఆ బుట్టను రెండు చేతులతో బయటికి చాచి పట్టుకుని ఉన్నాడు. బుట్టలో దుప్పటి, దుప్పటి పైన గులాబీ రంగు టోపీ. ఆ టోపీ నాకు తెలియకపోవడమేమిటి, పాప కోసం ఊలుతో నేనే అల్లాను.

నా మనసు ఎంత పొంగిపోయిందో చెప్పలేను. నా బాధ వీడికి అర్థమైంది, పెళ్లాం నిద్రపోతుండగా దొంగచాటుగా పాపను నాకు అందిస్తున్నాడు అనుకున్నాను. ఇస్త్రీ పెట్టెను చొక్కా మీదే వదిలేసి బయటికి పరిగెత్తాను. రెండు చేతులూ పైకి చాచి, "ఇలా ఇవ్వరా, మా నాయనే," అన్నాను. పాప లేస్తుందేమోనని మెల్లగా అన్నాను కూడా.

వాడు నా వైపు చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పెదవులు మాత్రం ఏదో లెక్కపెడుతున్నాయి. ఆ మూసిన కళ్లు చూడగానే నా గుండె జారిపోయింది. "ఒరేయ్!" అని నేను అరవడం, వాడు చేతులు వదిలేయడం ఒక్కసారే జరిగాయి.

ఎలా పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. బుట్ట వచ్చి నా గుండెల మీద పడింది. దాంతో పాటు నేను వెనక్కి, షాపు ముందున్న దుప్పట్ల మూట మీద పడ్డాను. మోచేయి గీరుకుపోయింది. బుట్టను మాత్రం వదల్లేదు. లోపల చప్పుడు లేదు, ఏడుపు లేదు. దేవుడా, నా ప్రాణం తీసుకో, దీన్ని వదిలెయ్ అంటూ తాళ్లు లాగాను, దూది పీకాను, దుప్పటి విప్పాను.

టోపీ కింద నున్నగా, పచ్చగా, చారలు చారలుగా ఒక పుచ్చకాయ ఉంది.

నా కేకకు పైన తలుపు తెరుచుకుంది. మా మరదలు పరిగెత్తుకుంటూ మలుపు దాకా వచ్చి, కింద పడున్న నన్నూ, చెదిరిన దూదినీ, టోపీనీ చూసింది. చూసి, "నా పాప! అయ్యో, నా పాపా!" అని గుండెలు పగిలేలా అరిచింది. ఇన్నాళ్లలో ఆమె గొంతు ఎంత పెద్దదో వీధికి ఆ రోజే తెలిసింది. పాప ఆమె భుజం మీదే ఉంది. అమ్మ ఏడుపుతో తనకేం సంబంధం లేనట్టు ఆమె జడ చివర నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"నీ భుజం మీదే ఉంది కదమ్మా!" అని నేను కింద నుంచి మొత్తుకుంటే, తడుముకుని చూసుకుని, పాపను గట్టిగా హత్తుకుని మళ్లీ ఏడ్చింది.

అప్పుడు తెరిచాడు మావాడు కళ్లు. తెరిచి నన్ను అడిగిన మొదటి మాట, "అక్కా, పగిలిందా?"

"లేదురా," అన్నాను, ఇంకా ఊపిరి అందక.

"నువ్వెందుకు పట్టుకున్నావక్కా! ఇప్పుడీ టెస్టు లెక్కలోకి రాదు. మళ్లీ వేయాలి."

"టెస్టా?" అంది మరదలు. ఏడుపు ఠక్కున ఆగింది. "మెట్ల మీద నుంచా? నా బిడ్డ టోపీ పెట్టా?"

"పాప బరువే ఉందే. తూచి మరీ తెచ్చాను. తలకి దెబ్బ తగులుతుందో లేదో తెలియాలంటే టోపీ పెట్టాలిగా," అన్నాడు దూది. అంత అమాయకంగా మాట్లాడేవాడిని కొట్టకుండా ఉండటం ఎవరి తరం?

మరదలు చరచరా మెట్లు దిగింది. వాడు ఆమె ముఖం చూసి ఆమె కంటే ముందే దిగి, నా దుప్పట్ల మూట చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆమె వెంటపడింది. కాలి చెప్పు తీయాలంటే చేయి కావాలి. వాడి చొక్కా పట్టుకోవాలంటే ఇంకో చేయి కావాలి. ఆమె రెండు చేతుల్లోనూ పాప ఉంది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది.

"వదినా, కాస్త పట్టుకోండి," అని పాపను నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది.

కడుక్కున్నారా అని అడగలేదు. వేడిగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా అని చూడలేదు. నా చేతులకు దుప్పట్ల దుమ్ము ఉంది, మోచేతి దగ్గర నెత్తురు కూడా ఉంది. పాప నా వైపు తేరిపార చూసింది. ఎవరీవిడ, తలుపు పక్క కుర్చీలో కూర్చునేది కదా అన్నట్టు చూసింది. తర్వాత నా మెడ కింద ముఖం దాచుకుంది. పాల వాసన, సబ్బు వాసన. పుచ్చకాయతో సమానమని వాడు అన్నాడు గానీ, అబద్ధం. చాలా తేలిక. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

లోపలి నుంచి కాలిన వాసన వచ్చింది. "చొక్కా పోయిందే! వకీలు మనల్ని వదలడు!" అని మా ఆయన లోపల గంతులేస్తున్నాడు. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. దుప్పట్ల మూట చుట్టూ దూది పరుగులు, వాడి వెనకాల చెప్పు పట్టుకుని మరదలు.

"అక్కా! విడిపించక్కా!" అని వాడు అరిచాడు. చిన్నప్పుడు ఎవరైనా కొట్టబోతే ఇలాగే అరిచేవాడు, నేను ఎక్కడున్నా పరిగెత్తుకుంటూ వెళ్లేదాన్ని.

ఈసారి వెళ్లలేదు. నా చేతులు ఖాళీగా లేవు.