చేతి సైరన్‌కు బంగారు రంగు

పాత వస్తువును కాపాడాలంటే ముందు దాన్ని వారసత్వ కమిటీ కంట పడకుండా కాపాడాలి. ఈ చిన్న సంగతి తెలియక నా సైరన్‌ను నేనే తీసుకెళ్ళి వాళ్ళకు అప్పగించాను. అదీ ఆటో మాట్లాడుకుని, ఒళ్ళో పెట్టుకుని, గుంతలొచ్చినప్పుడల్లా దాన్ని పొదివి పట్టుకుని. ఇంతకన్నా తెలివితక్కువ పనులు నేను చేసి ఉండవచ్చు గానీ, ఇంత శ్రమపడి చేసినది మాత్రం లేదు.

నాచారంలో నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. షెడ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. టైమాఫీసు గుమాస్తాగా అక్కడ నాకున్న అధికారం ఒక్కటే: కరెంటు పోయినప్పుడు భోజనానికొకసారి, మళ్ళీ పనిలోకి రమ్మని ఇంకోసారి చేతి సైరన్ తిప్పడం. బిందెంత ఇనుప డొక్కు, పక్కన ఒక హ్యాండిల్. మొదట మూలిగేది, తర్వాత ఏడ్చేది, గాలి వాటంగా ఉంటే మౌలాలి గుట్ట దాకా అరిచేది. పుట్టి బుద్ధెరిగాక నా మాట నలుగురు విన్నది దాని నోటితోనే.

ఉప్పల్‌లో ఒక పాతసామాన్ల దుకాణంలో అది మళ్ళీ కనిపించింది. ఇంట్లోని కూలర్ ఇచ్చి తెచ్చుకున్నాను. మారకానికి స్మారకం వచ్చిందని మురిసిపోతుంటే మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది.

"ఎండకాలం ముంగట కూలర్ ఇచ్చి గిదేంది తెచ్చినవ్? ఇంట్ల మొత్తుకునేటోళ్ళు తక్కువైన్రా?"

అలా ఇంట్లో చోటు దొరకక కమిటీ గుర్తొచ్చింది.

మా కాలనీ వారసత్వ కమిటీలో వారసులు ఎక్కువ, సత్వం తక్కువ. అధ్యక్షుల వారు ప్లాట్ల వ్యాపారంలో చుట్టుపక్కల పాత ఇళ్ళన్నీ కూల్చి, కూల్చడానికి ఇంకేమీ మిగలక కాపాడడంలోకి దిగిన మనిషి. అంతకుముందు వరంగల్ రోడ్డు పక్కన ఒక పాత మైలురాయిని కాపాడారు. ఆయిల్ పెయింట్ వేసి, ఊరి పేరూ మైళ్ళూ చెరిపి, కార్యవర్గం పేర్లు రాయించారు. ఇప్పుడా రాయి ఏ ఊరు ఎంత దూరమో చెప్పదు, అధ్యక్షుల వారికి ఎవరెంత దగ్గరో చెబుతుంది.

నా కోరిక చిన్నది. మా పాత కార్మికులను ఒకచోట కూర్చోబెట్టి ఆ కూత ఒక్కసారి వినిపించాలి, ఉన్నవాళ్ళు ఉండగానే. "మస్తు ఐడియా అన్నా" అని అధ్యక్షుల వారు నా భుజం తట్టారు.

ఆవిష్కరణ రోజు కాలనీ హాలుకు వెళ్ళి చూస్తే సైరన్‌కు బంగారు రంగు, మెడలో బంతిపూల దండ. ఫ్లెక్సీ మీద కార్యవర్గం ముఖాలు గుమ్మడికాయలంత, కింద మూలకు సైరన్ నిమ్మకాయంత. నా పేరు ఎక్కడా లేదు. వెతకలేదని అబద్ధమాడను.

"ఎప్పుడు మోగిద్దాం సార్?" అని అధ్యక్షుల వారిని అడిగాను.

"మోగించుడేందన్నా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "గిది హెరిటేజ్. సూసేది, ఇనేది గాదు. నైట్ డ్యూటీ జేసిన సాఫ్ట్‌వేర్ పోరగాండ్లు పండుకుంటరు. ఇది మొత్తుకుంటే నా పానం తీస్తరు."

"ఒక్కసారే సార్. మా పాత కార్మికులంతా దానికోసమే వచ్చిన్రు."

"జర సమజ్ చేసుకో. గందుకే వెల్డర్‌ను పిలిపిచ్చిన. మీటింగ్ అయినంక హ్యాండిల్ తీసేసి, తిరగకుండ టాకా ఏసి, అద్దాల పెట్టెల పెడ్తం. ఇగ ఫికర్ లేదు, పర్మనెంట్ సేఫ్!"

గొంతు కోస్తే దగ్గు పోతుందన్న వైద్యం అది. అనవలసిన చోట నేనెప్పుడూ ఏమీ అనను, ఇంటికెళ్ళి అంటాను. వెనక వరుసలో మా పాత ఫిట్టర్ పక్కన కూలబడ్డాను.

"ఏం బావా, మన సైరన్‌కు పెండ్లి జేస్తున్నవా?" అన్నాడు.

"పెండ్లి గాదు బావా, దినాలు."

సభ మొదలైంది. ముందు వరుసలకు శాలువాలు, వెనక వరుసలకు ఉక్కపోత. కార్మికుల చరిత్రను కార్మికుల నోటనే వినాలని కరపత్రంలో అచ్చువేశారు గానీ, మైకు అధ్యక్షుల వారి నోరు దాటలేదు. తన మొదటి ప్లాటు దగ్గర మొదలుపెట్టి బోడుప్పల్ వెంచర్ల మీదుగా సాగి, "ఆఖరికి ఒక్క మాట" అన్నారు. ఆ ఒక్క మాటకు సంతానం చాలా ఉంది. భోజనాల వేళ దాటుతోంది. షుగర్ ఉన్న ఫిట్టర్ బావ కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. గుమ్మం దగ్గర వెల్డర్ అప్పుడే సరంజామా విప్పుతున్నాడు.

నేను లేచాను. నీళ్ళకనుకున్నారేమో, ఎవరూ ఆపలేదు. వేదిక పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్ళి, దండ పక్కకు జరిపి, హ్యాండిల్ పట్టుకుని తిప్పాను.

మూలిగింది. ఏడ్చింది. ఆ తర్వాత కిటికీలు అదిరేలా అరిచింది.

వెనక వరుసలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. ఏళ్ళ తరబడి ఆ కూతకు లేచిన మోకాళ్ళవి, లేచే ముందు యజమానిని అడగవు. భోజనం సైరన్ మోగితే ఎక్కడి పని అక్కడ వదిలేయడం మా ఫ్యాక్టరీ ఆచారం. ఒకరినొకరు తోసుకోకుండా వరుస కట్టి బయటికి నడిచారు. కళ్ళు తుడుచుకునేవాళ్ళు నడుస్తూనే తుడుచుకున్నారు. వెల్డర్ కూడా చేతిలోది కింద పెట్టి వరుసలో కలిశాడు. అతనూ మా వాడేనని నాకు అప్పుడే తెలిసింది.

"కూసోండ్రి! ఇంక అయిపోలే! యాడికి పోతున్రు?" అధ్యక్షుల వారు మైకులో అరిచారు.

ఫిట్టర్ బావ గుమ్మంలో ఆగి మర్యాదగా చేతులు జోడించాడు. "రెండో సైరన్ కొడితెనే మల్ల లోపటికొస్తం సార్. రూలు గదా."

అధ్యక్షుల వారు మైకు వదిలి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "కొట్టన్నా! జల్దీ కొట్టు రెండోది!"

ఆయనకూ సైరన్ వినాలనిపించింది. నేను హ్యాండిల్ ఊడదీసి, చేతిసంచిలో వేసుకుని, మావాళ్ళతోపాటు చాయ్ తాగడానికి వెళ్ళిపోయాను.