గుంతలు పూడ్చిన చందమామ

మొన్న మా వంటింటి గ్రానైట్ బండ అంచు విరిగితే, మేస్త్రీ రాతిపొడిలో జిగురు కలిపి పూశాడు. ఆ ఘాటు వాసనకు ఆళ్లగడ్డలో మా నాయన శిల్పాల షెడ్డు గుర్తొచ్చింది.

తొంభైల్లో మాట. నాకు ఎనిమిదేళ్లు. అంతవరకూ దేవుళ్లనే చెక్కిన నాయన, నంద్యాలలో ఒక సైన్సు పార్కు కోసం మొదటిసారి చందమామను చెక్కుతున్నాడు. వేసవి సెలవులకు మిడుతూరులో అమ్మమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు అది నున్నటి గుండు. తిరిగి వచ్చి చూస్తే ఒళ్లంతా గుంతలు!

విగ్రహం మీద చిన్న పెచ్చు లేచినా నాయన మొహం మాడిపోయేది. రాతిపొడి, జిగురు కలిపి పూడ్చి, ఎవరికీ కనపడకుండా అరగదీసేవాడు. మరి ఇన్ని గుంతలు పడితే పార్కువాళ్లు తీసుకుంటారా? ఆయన అన్నానికి వెళ్లగానే జిగురు డబ్బా తీసి, చేతికందిన గుంతలన్నీ పూడ్చాను.

“ఏం చేస్తాండావ్ పాపా?” వెనకనుంచి నాయన గొంతు.

“గుంతలు పూడుస్తాండా నాయనా. ఇట్లుంటే ఎవురు తీసుకుంటారు?”

ఆయన తిట్టలేదు. సైన్సు పుస్తకం తెచ్చి చందమామ ఫోటో చూపించాడు.

“నిజం చందమామకు గుంతలుంటాయి. ఇవి కొట్టేదానికి నాకు నెల పట్టింది. జిగురు గట్టిపడకముందే గోకు, బిరీన!”

ఇద్దరం కూర్చుని గోకేశాం.

తర్వాత నాయన ఊరూరి పార్కులకూ గ్రహాలు చెక్కాడు, అణువులు చెక్కాడు. ఆయన చేసిన దేవుళ్లలో చాలామందికి ఎక్కడో ఒకచోట పూడ్చిన గుంత ఉందని మా ఇంట్లోవాళ్లకే తెలుసు. గుంతలు దాచకుండా ఆయన బయటికి పంపిన మొదటి రాయి ఆ చందమామే.