ఆయుధపూజ నాడు ఆగిన గాలి

రాయచూరులో నేను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీలో, మా విభాగం పెద్దాయన దృష్టిలో కంప్యూటర్ అంటే రంగుల బొమ్మలు గీసే పెట్టె. శబ్దం కంటే అయిదు రెట్ల వేగంతో దూసుకుపోయే గాలి ఒక లోహపు మొన మీద ఎక్కడ, ఎలా సుడులు తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పరిశోధన. ఆయనకు ఆ సుడులతో పనిలేదు. ఎరుపూ నీలమూ కలిసిన బొమ్మ ఒకటి వస్తే ఫ్రేము కట్టించి తన గదిలో తగిలించుకుంటాడు.

ఆ లెక్క పదిహేడు రోజులుగా నడుస్తోంది. ఇంకో మూడు రోజులు నడిస్తే నా థీసిస్ గట్టెక్కుతుంది. అప్పుడొచ్చింది ఆయుధపూజ. పెద్దాయన పట్టుపంచెతో దిగి, లేత్ మిషన్ నుంచి ఫ్యాన్ దాకా అన్నిటికీ బొట్లు పెట్టించాడు. నా కంప్యూటర్‌కూ కుంకుమ, నెత్తిన ఓ నిమ్మకాయ.

"నడిచే యంత్రానికి పూజేంటమ్మా? ఇయ్యాల దానికీ సెలవివ్వాలి. రేపు నొక్కితే ఆగిన చోటు నుంచే నడుస్తదిలే," అన్నాడు. వడ్లమిల్లు అనుకున్నాడు మహానుభావుడు.

నిజానికి ఆగిన చోటు నుంచే నడిపించవచ్చు. ఎప్పటికప్పుడు లెక్కను డిస్కులో దాచుకుంటూ పోతే చాలు. దాచడం వల్ల వేగం తగ్గుతోందని ఆ ఏర్పాటు తీసేసిన తెలివిగలదాన్ని నేనే.

గిల్లేసూగూరు నుంచి వచ్చే మా ల్యాబ్ అటెండరు స్విచ్ మీద చెయ్యి పెట్టి నా వైపు తిరిగాడు. "మేడం, గిది నడుస్తున్నది గద. బంద్ చేయాల్నా?"

థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది పెద్దాయన. ఆయన ముఖం చూసి, నేను తలూపాను.

మర్నాడు లెక్క సున్నా నుంచి మొదలైంది. ఆలస్యమెందుకని ప్రిన్సిపాల్ అడిగితే, అటెండరు చూసుకోకుండా ఆపేశాడని పెద్దాయన తడుముకోకుండా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. అతన్ని ల్యాబ్ నుంచి తీసి గేటు దగ్గర వేశారు. నేనేమో క్యాంటీన్‌లో నిమ్మకాయ కథ చెప్పి, ఇలాంటి మూఢుల మధ్య పరిశోధనేమిటని అందరినీ నవ్వించేదాన్ని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఒకరోజు గేటు దగ్గర అతను నన్ను ఆపాడు. "మేడం, నేను మిమ్మల్ని అడిగిన గద. గా ఒక్క మాట ప్రిన్సిపాల్ సార్‌కు చెప్పుండ్రి."

సిగ్గేసింది. చెప్తానన్నాను. సంతకం అయ్యాక చెబుదామనుకున్నాను.

సంతకమై రెండేళ్లయింది. అతను ఇప్పటికీ నా బండి కనపడగానే లేచి గేటు తీస్తాడు.