రేకు తలుపు ఉన్న ఫ్లాపీ

ఆ రోజుల్లో అసూయపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పక్కింటివాడి సైకిలుకు డైనమో లైటు ఉంటే చాలు, ఆ వెలుతురు మన కంట్లోనే పొడిచేది. ఎదురింటాయన రేడియోకు తోలు సంచి కుట్టిస్తే, మన రేడియో ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడినట్టు అనిపించేది. నేను ఈ రెండు దశలూ దాటి, ఎనభైల చివర్లో, ఆదోనిలో బహుశా ఇంకెవరూ పడని అసూయ ఒకటి పడ్డాను. ఒక ఫ్లాపీ డ్రైవును చూసి కుళ్ళుకున్నాను. (ఇప్పటి పిల్లలకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కంప్యూటర్లో మనం కొట్టిందంతా ఫ్లాపీ అనే పల్చటి డిస్కు మీద దాచుకునేవాళ్ళం. దాన్ని నోట్లోకి తీసుకుని చదివే పరికరం డ్రైవు. మా మనవడు ఇది విని, "అంత కష్టపడి ఎందుకు తాతా, ఫోన్లో పెట్టుకోవచ్చు కదా" అన్నాడు.)

ఆ డ్రైవు మా బావది. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకన్నా మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలల పుణ్యాన నేను జీవితాంతం బావా అని గౌరవించాలి, ఆయన నన్ను ఏమప్పా అని పిలుస్తాడు. ఇద్దరమూ ఒకే సావుకారు దగ్గర గుమాస్తాలం. ఆయనకు ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగు ఫ్యాక్టరీ, ఎమ్మిగనూరులో ఒక గోడౌను ఉండేవి. నేను ఆదోనిలో, బావ ఎమ్మిగనూరులో బిగించి కట్టిన పత్తి బేళ్ళ నంబర్లు, రకాలు, బరువులు రిజిస్టర్లలో రాసేవాళ్ళం. మా అమ్మకు బావ అంటే ప్రాణం. నేను అన్నంలో ఉప్పు తక్కువైందని అంటే, "మీ బావ ఏం పెట్టినా మాట్లాడకుండా తింటాడు" అనేది. కంప్యూటర్లు కొనాలని సావుకారు తలచినప్పుడు, ఇద్దరినీ హైదరాబాదుకు మూడు వారాల శిక్షణకు పంపుతానన్నాడు. సరిగ్గా ఆ వారమే నాకు గవదబిళ్ళలు వచ్చాయి. ఇరవై మూడేళ్ళ మగవాడు చెంపలకు గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని, కొత్త చొక్కాతో రైలెక్కడానికి పోయే బావను కిటికీలోంచి చూడటం ఎంత అవమానమో అనుభవించినవాడికే తెలుస్తుంది. బావ తిరిగొచ్చి నాకు నేర్పించాడు. అదీ ఓపికగా, ఒక్కసారి కూడా విసుక్కోకుండా నేర్పించాడు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

కంప్యూటర్లు అమ్మే మనిషి బెంగుళూరు నుంచి రెండు రకాల డ్రైవులు పెట్టెలో పెట్టుకుని వచ్చాడు. ఒకటి పెద్దది, ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ పట్టేది. ఆ ఫ్లాపీ నల్లగా, మెత్తగా, పట్టుకుంటే వంగేది, కింది సగంలో కోడిగుడ్డు ఆకారంలో ఒక సందు తెరిచి ఉండేది, అందులోంచి లోపలి డిస్కు కనబడేది. రెండోది కొత్తగా వచ్చినది, మూడున్నర అంగుళాలది. దాని ఫ్లాపీ గట్టి ప్లాస్టిక్కుది, జేబులో పట్టేది, దానికొక రేకు తలుపు. వేలితో పక్కకు జరిపితే లోపల డిస్కు కనబడేది, వదిలితే టక్ మని మూసుకునేది. నేను ఆ తలుపును నాలుగుసార్లు తీసి మూశాను. ఐదోసారికి అమ్మే మనిషి నవ్వుతూ నా చేతిలోంచి తీసేసుకున్నాడు. అప్పటికే నా మనసు దానిలో పడిపోయింది. మా సావుకారు మాత్రం పెద్ద ఫ్లాపీని చేతిలోకి తీసుకుని, పత్తి శాంపిలులో పోగు పొడవు చూసినట్టు బొటనవేళ్ళ మధ్య లాగి, వెలుతురుకు పట్టి చూసి, "దీంట్లో పింజ యాడుందప్పా" అన్నాడు.

తర్వాత ఆయన ఇద్దరినీ పిలిచి, "వాడేది మీరు. ఎవరికేది గావల్లో వాళ్ళే సెప్పండి. ఒకరిని జూసి ఒకరు సెప్పొద్దండి" అని భుజం మీది తువ్వాలు తీశాడు. ఆయన బేరాలన్నీ తువ్వాలు కిందనే. చేతి మీద తువ్వాలు కప్పి, కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకోవడం ఆయన తరం వ్యాపారుల అలవాటు, పక్కన నిలబడినవాడికి తెలియకుండా. ఒక వేలు నొక్కితే పెద్దది, రెండు వేళ్ళు నొక్కితే చిన్నది అన్నాడు. ముందు బావ వెళ్ళాడు. నేను కళ్ళు పక్కకు తిప్పుకున్నట్టు నటిస్తూ తువ్వాలు మీదే చూపు పెట్టాను. రెండు చోట్ల ఉబ్బింది. చిన్నది అడిగాడన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కోరుకున్నదే ఆయనా కోరుకోవాలా. ఇప్పుడు నేనూ అదే అడిగితే, బావను చూసి నేర్చుకున్నాడంటారు, మా అమ్మయితే ఊరంతా చెబుతుంది. నా వంతు వచ్చింది. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, గుండె రాయి చేసుకుని, ఒక్క వేలు నొక్కాను.

అమ్మే మనిషి కంగారుపడ్డాడు. "సార్, రెండూ ఒకే రకం తీసుకోండి, ఇక్కడి డిస్కు అక్కడి మెషీనులో పట్టదు" అన్నాడు పుస్తకాల తెలుగులో. సావుకారు మా వైపు తిరిగి, "ఏమన్నా ఇబ్బందా" అన్నాడు. బావ నన్ను చూశాడు, నేను బావను చూశాను, ఇద్దరమూ ఒకేసారి "ఏమీ లేదు సావుకార్" అన్నాం. పైగా నేను, పెద్ద ఫ్లాపీ మీద అక్షరాలు పెద్దగా పడతాయని, కంటికి మంచిదని కూడా చెప్పాను. (ఈ మాటను ఎవరూ ఖండించలేదు. బావకు తెలుసు అది తప్పని. అయినా మాట్లాడలేదు, అది ఆయన మంచితనం, అది కూడా నాకు నచ్చలేదు.)

ఇక ఆ తర్వాత జరిగిందంతా నేను కోరి తెచ్చుకున్నదే. బావ ఎమ్మిగనూరులో ఫ్లాపీలో నింపిన జాబితా నా మెషీనులో పట్టదు కాబట్టి, ఆయన దాన్ని కాగితం మీద అచ్చు కొట్టి బస్సు కండక్టరు చేత పంపేవాడు. నేను బస్టాండుకు పోయి ఆ కట్ట తెచ్చుకుని, మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ టైపు చేసేవాణ్ణి. అలా వారం వారం బావ చేసిన పనిని నేను రెండోసారి చేస్తూ, బావ చిన్న ఫ్లాపీ జేబులో వేసుకుని తిరుగుతూ ఉంటాడని ఊహించుకునేవాణ్ణి. ఒకసారి ఆయన నిజంగానే దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులోనే ఆ తలుపు టక్ టక్ మనిపించాడు. మా అమ్మ, "ఎంత ముద్దుగా ఉందిరా" అంది. నేను లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

దసరా దగ్గర పడింది. పండగ తర్వాత లెక్కలన్నీ ఆదోనిలోనే ఒక చోట పెడతామని, ఇద్దరిలో ఒకరు ఇన్‌ఛార్జి అవుతారని, రెండోవాడు అతని కింద పనిచేయాలని సావుకారు చెప్పాడు. "ఆయుధపూజ నాడు రెండుచోట్లా వచ్చి సూస్తా. ఎవరి మిషను బాగా పలుకుతాదో వాళ్ళే ఇన్‌ఛార్జి" అన్నాడు. ఇన్‌ఛార్జికి అద్దాల గది, అందులో ఏసీ. ఆదోని ఎండల్లో ఆ రెండో మాటకే నా సగం ప్రాణం ఆ గదిలోకి పోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా, బావ కింద పనిచేయడం అనే మాట నాకు గొంతు దిగలేదు.

పూజ నాటి పొద్దున బావ ఫోను చేశాడు. "ఏమప్పా, సావుకారు ఇప్పుడే ఈడ నుంచి బయలుదేరినాడు. మిషనుకే గాక ఫ్లాపీలకు గూడా పసుపు కుంకుమ పెట్టింటే శానా సంతోషపడినాడు. నువ్వూ పెట్టు" అన్నాడు. చూశారా, ఎంత గొప్పలు పోతున్నాడో అనుకున్నాను. నువ్వు పెట్టిన దానికన్నా పదింతలు పెడతాను చూడు అనుకున్నాను. కారు రావడానికి గంట ఉంది. గంధం అరగదీశాను, పసుపు కలిపాను, కుంకుమ తీసుకున్నాను. పన్నెండు ఫ్లాపీలు, అవి పాడైతే పనికొస్తాయని తీసిపెట్టిన నకళ్ళు ఇంకో పన్నెండు. అసలుకు పెట్టి నకలుకు పెట్టకపోతే పక్షపాతం చూపినట్టని, అన్నిటినీ బల్ల మీద వరసగా పరిచాను. బొట్టు ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే సందేహం. చుట్టూ నల్లటి అట్ట, మధ్యలో ఆ కోడిగుడ్డు ఆకారపు సందు. దాన్ని చూస్తుంటే, మనవాళ్ళు బొట్టు పెడతారని తెలిసి కంపెనీవాడే చోటు వదిలిపెట్టినట్టు అనిపించింది. ఇరవై నాలుగు సందుల్లో ఇరవై నాలుగు గంధపు బొట్లు, వాటి మీద కుంకుమ. పెట్టిన ప్రతిసారీ బావ ముఖం గుర్తుచేసుకున్నాను.

సావుకారు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఫ్లాపీల వరస చూసి నిజంగానే చేతులు జోడించాడు. నా ఒళ్ళు పులకరించింది. "ఏదీ, నందవరం నుంచి వచ్చిన లాటు సూపీ" అన్నాడు. బొట్టుతో ఉన్న ఫ్లాపీని భక్తిగా డ్రైవులో పెట్టాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత జిన్ను మిషన్లో గోనెపట్టా చిక్కుకున్నట్టు ఒక గరగర మొదలైంది. తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చింది. ఆ ఫ్లాపీ తీసి ఇంకోటి పెట్టాను, గరగర. నకలు పెట్టాను, అదీ గరగరే. మా బేళ్ళ ప్రెస్సు మేస్త్రి సాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా శబ్దం విని మిషను జబ్బు చెప్పే మనిషి. "లోపల ఏమో పడింది సార్" అన్నాడు. బల్ల మీది ఫ్లాపీలను చూసి, గొంతు తగ్గించి, "నేనూ నా ప్రెస్సుకు ఏటా బొట్టు పెడతా సార్. బయట పెడతా. లోపల పెడితే మిషను తింటాది" అన్నాడు. అంత తెలివైన మాట నాకు గంట ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పినవాడు బావ ఒకడే, అదీ ఫోనులో, పెట్టమని. కావాలనే చెప్పాడని ఆ క్షణంలో నమ్మాను.

మర్నాడు బెంగుళూరు ఇంజనీరు వచ్చాడు, ఎమ్మిగనూరు నుంచి బావా వచ్చాడు. ఇంజనీరు డ్రైవు విప్పి, వేలితో తాకి, వాసన చూసి, "అరిశిన?" అని, అంటే పసుపా అని, కన్నడంలో తనలో తాను అనుకున్నాడు. తుడవడానికి కొంచెం పత్తి కావాలన్నాడు. ఆ ఒక్క కోరికే మేము ఆ రోజు ఆలస్యం లేకుండా తీర్చగలిగాం. డ్రైవు బాగుపడింది గానీ ఫ్లాపీలు పోయాయి, మూడు నెలల జాబితా పోయింది. "ఇదెవరి పని" అని సావుకారు అడిగాడు. బావ ముందుకొచ్చి, "నేను సెప్పబట్టే పెట్టినాడు సావుకార్. తప్పు నాది" అన్నాడు. "మరి నీవి యాల పాడుగాలే?" అన్నాడు సావుకారు. "నావాటికి రేకు ఉండాది సావుకార్. బొట్టు రేకు మింద పడింది. అది నా తెలివి గాదు" అన్నాడు బావ. సావుకారు కాసేపు ఆలోచించి, రేకు ఉన్నవాణ్ణే ఇన్‌ఛార్జి చేశాడు.

ఎమ్మిగనూరు జాబితా బావ చిన్న ఫ్లాపీల్లో భద్రంగా ఉంది. ఆదోనిదంతా పాత రిజిస్టర్లలోంచి మళ్ళీ ఎక్కించాలి. ఇన్‌ఛార్జి అద్దాల గదిలో కూర్చోవచ్చు. కానీ బావ నా పక్కన కుర్చీ వేసుకుని తొమ్మిది రోజులు నంబర్లు చదివాడు, నేను టైపు చేశాను. ఐదో రోజో ఆరో రోజో ఇక పట్టలేక అడిగేశాను: "బావా, నిజం సెప్పు. నన్ను ముంచాలనే ఫోను సేసినావు గదా?" ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తాడు. "ముంచేదానికి నీకాడ ఏముందప్పా" అన్నాడు ముందు. తర్వాత మెల్లగా, "నాకు ఆ చిన్నది అక్కరలే. దాని ఫ్లాపీలు బెంగుళూరులో తప్ప యాడా దొరకవు, పెద్దదే మేలని హైదరాబాదులో సెప్పినారు. నువ్వు ఆ రేకు తీసి మూస్తాంటే నీ మొగం సూసినా. నీకు అంత నచ్చిందంటే దాంట్లో నాకు తెలియంది ఏదో ఉందని కుళ్ళు పుట్టింది. అందుకే రెండు వేళ్ళు నొక్కినా" అన్నాడు. నేను టైపు చేయడం ఆపేశాను. మూడు నెలలుగా నేను ఎవరిని చూసి కుళ్ళిపోతున్నానో, ఆ మనిషి నన్ను చూసి కుళ్ళిపోయి తనకు అక్కర్లేనిది తీసుకున్నాడు. నేను ఆయన్ని చూసి నాకు కావలసింది వదులుకున్నాను. నవ్వొచ్చింది, ఆ వెనకే సిగ్గేసింది. "నంబరు సెప్పు బావా" అన్నాను. చెప్పాడు.

పదమూడేళ్ళు ఆయన కింద పనిచేశాను, ఒక్కరోజు కూడా ఆయన నన్ను కిందివాడిలా చూడలేదు. సావుకారు పోయాడు, ఫ్యాక్టరీ మూతపడింది, ఆ డ్రైవులు రెండూ ఏ పాతసామాను కొట్టుకు చేరాయో తెలియదు. బావ ఇప్పుడు ఎమ్మిగనూరులో ఉంటున్నాడు. ఆయన దగ్గర ఆ చిన్న ఫ్లాపీ ఒకటి మిగిలి ఉండేది, రేకు మీద కుంకుమ మరకతో సహా. పోయినేడాది వాళ్ళింటికి పోయినప్పుడు గూట్లో కనిపించింది. చదవడానికి దేశంలో మెషీనే లేని వస్తువును ఎందుకు జేబులో వేసుకున్నానో నాకే తెలియదు. మొన్న సాయంత్రం వరండాలో కూర్చుని ఉంటే ఆయన ఫోను చేశాడు. కాళ్ళ నొప్పుల గురించి, వానల గురించి మాట్లాడి, చివర్లో అడిగాడు: "ఏమప్పా, గూట్లో నా ఫ్లాపీ కనపడ్లేదు. నీకాడ ఏమన్నా ఉండాదా?" లేదు బావా, నాకెందుకది అన్నాను. ఆయన గొంతు, ముప్పై ఏళ్ళ కింద నంబర్లు చదివినంత ఓపికగా వినిపించింది: "మరి ఇందాకట్నుంచీ ఆ టక్ టక్ ఏందప్పా?"