నలభై మూడు ఇళ్ళకి ఒకటే తాళం

గుండుగొలను వెంకటనరసమ్మ కష్టపడి సాధించిన గెలుపుల్లో మొదట చెప్పుకోవలసింది ఇది: తన ఇంట్లో తన కొడుకు కొన్న కంప్యూటరును, అమ్మినవాడు దాచుకున్న పాస్‌వర్డుతో, అరవై ఏడో ఏట తన రెండు చేతులతో తానే తెరిచింది. పద్దెనిమిది రోజులు పట్టింది. ఎవరి దగ్గరా అడుక్కోలేదు, ఎవరూ చెప్పనూలేదు.

అంతకు ముందు ఆమెకు గెలుపులు లేవని కాదు. మొగల్తూరు పక్క పల్లెలో ఐదో తరగతి వరకే చదివినా, ఇరవయ్యో ఎక్కం కింది నుంచి పైకి అప్పజెప్పి ఇన్‌స్పెక్టరు చేతిమీదుగా పలక అందుకుంది. కాపురానికి వచ్చాక గుండుగొలనులో ఇరవై ఇద్దరు ఆడపిల్లలకు లేసు అల్లిక నేర్పింది. డ్వాక్రా సంఘానికి పన్నెండేళ్ళు లీడరు. వార్డు మెంబరుగా తొమ్మిది ఓట్ల తేడాతో నెగ్గింది, ఆ తొమ్మిది మంది పేర్లూ ఇప్పటికీ చెప్పగలదు.

అయితే వీటన్నిటి కంటే పెద్ద విద్య ఆమెకు పుట్టింట్లో అబ్బింది. ఆ పక్క లేసు అల్లే ఇళ్ళవాళ్ళు తమ పువ్వు నమూనా పక్కింటికి తెలియనిచ్చేవారు కాదు. తల్లి ఆమెను ఏదో వంక మీద పొరుగింటి అరుగు మీదకి పంపేది. పిల్ల లేసు వైపు చూసేది కాదు, అల్లేవాళ్ళ వేళ్ళు చూసేది. ఏ వేలు ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఆగింది, ఎన్నిసార్లు వెనక్కి వచ్చింది. ఇంటికొచ్చి కళ్ళు మూసుకుని తన వేళ్ళను అలాగే నడిపితే ఆ పువ్వు సూది కిందకి వచ్చి వాలేది. అల్లినదాన్ని చూసి అల్లేవాళ్ళు ఊరినిండా ఉంటారు. చేతులు చూసి అల్లేవాళ్ళు అరుదు.

ఈ కంప్యూటరును అమ్మింది భానుప్రకాష్. తాడేపల్లిగూడెంలో కొట్టు. దెందులూరు నుంచి కొల్లేటి ఊళ్ళ దాకా అతను పెట్టినవే కంప్యూటర్లు, ప్రింటర్లు, చెరువుగట్ల మీద కెమెరాలు. మాట మెత్తన, మనిషి చలాకీ. అతని పద్ధతి ఒకటుంది. కంప్యూటరు పెట్టేటప్పుడు పెద్ద పాస్‌వర్డు, అంటే దేనినైనా కొత్తగా ఎక్కించడానికీ మార్చడానికీ అడిగేది, తనే పెట్టుకుని తన దగ్గరే ఉంచుకునేవాడు. ఇంటివాళ్ళకు సినిమా చూసుకునేపాటి చిన్న దారి ఒకటి ఇచ్చేవాడు. ఏ చిన్న పని వచ్చినా అతనే రావాలి. ‘మనోడేగా’ అని ఎవరూ అడగలేదు.

ఆగస్టులో ఒక గురువారం వెంకటనరసమ్మ కోడలు శ్రీదుర్గకు ఇంటర్వ్యూ. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన పిల్ల. ఇంట్లోంచే పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం, పదకొండు గంటలకు కంప్యూటరు ముందు కూర్చోవాలి. సెల్లులో కుదరదని కంపెనీ ముందే చెప్పింది. తొమ్మిదింటికి చూస్తే మాట వినపడదు. సరిచేద్దామని నొక్కితే పెద్ద పాస్‌వర్డు అడుగుతోంది.

శ్రీదుర్గ ఫోన్ చేసింది.

“ఇదిగో బయల్దేరానండీ, ఉంగుటూరు దాటేశాను” అన్నాడు భానుప్రకాష్.

పదింటికి మళ్ళీ చేసింది. “ఉంగుటూరు దాటుతున్నానండీ.”

“పోనీ ఆ పాస్‌వర్డు చెప్పండి. నేనే చేసుకుంటాను.”

“అది చెప్పేది కాదండీ. సెక్యూరిటీ కదండీ.”

ఆ తరవాత ఎత్తలేదు. పదకొండింటికి తెర మీద ఇద్దరు కనిపించారు. పెదాలు కదులుతున్నాయి. శ్రీదుర్గ కాగితం మీద ‘వినపడటం లేదు’ అని పెద్దక్షరాలతో రాసి కెమెరాకి చూపించింది. ఏడు నిమిషాలు ఆగి వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళు పోయాక కూడా కోడలు ఆ కాగితం దించకపోవడం గుమ్మంలోంచి వెంకటనరసమ్మ చూసింది. ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది.

భానుప్రకాష్ మర్నాడు వచ్చాడు. కుర్చీలో కూర్చుని టపటపా ఏదో కొట్టాడు. ఎక్కడో చూపించి నొక్కాడు. పాట మోగింది.

“మాట స్పీకరే లేని తెరలోకి పోతోందండీ, మీరు తగిలించిన దాంట్లోకి కాకుండా. అంతే.” వెనక్కి తిరిగి, మంచం మీద లేసు అల్లుకుంటున్న వెంకటనరసమ్మను చూసి నవ్వాడు. “మామ్మగారు గానీ ముట్టుకున్నారాండీ? పెద్దాళ్ళని వీటి దగ్గరికి రానివ్వకూడదండీ. మామ్మగారూ, మీకు ఆ దారాలే నయమండి.”

“అంతే కదా బాబూ” అంది ఆమె తల ఎత్తకుండా.

‘బాబూ’ అని ఆమె అతన్ని పిలవడం అదే ఆఖరు. ఆ సాయంత్రమే అతను భీమడోలు టిఫిన్ కొట్టు దగ్గర, ముసలావిడ కెలికి కోడలి ఉద్యోగం పోగొట్టిందని నలుగురిలో చెప్పి నవ్వించాడు. కొడుకు విని వచ్చి చెప్పాడు. వెంకటనరసమ్మ కొంగు చివర చిన్న ముడి వేసుకుంది. ఆవిడ కొంగున ముడి పడిందంటే అది తీరేదాకా విప్పదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అతను టపటపలాడిస్తున్నప్పుడు ఆమె లేసు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కానీ వేళ్ళు చాలా వేగంగా పోయాయి, ఒక్కసారికి పట్టుబడలేదు. ఏలూరు వెళ్ళి ప్రింటరు కొనుక్కొచ్చింది. దాన్ని ఎక్కించడానికి అతను రావలసి వచ్చింది. రెండోసారి చూసింది. వారం తిరక్కుండా కొడుకు ఇంట్లో లేనప్పుడు ప్రింటరు తీగ పీకి, కంప్యూటరులో దాని పేరు కూడా కోడలి చేత తీయించింది.

“పాపం, పలకడం లేదు భానుప్రకాష్ గారూ” అని ఫోన్‌లో ఎంతో మర్యాదగా చెప్పింది. అతను వచ్చాడు. మూడోసారి చూసింది. కాఫీ కూడా ఇచ్చింది.

తరవాత వెనక వసారాలో నేల మీద సుద్దతో కంప్యూటరు బటన్లు వరసలు వరసలుగా గీసింది. అక్షరాలు శ్రీదుర్గ రాసిపెట్టింది.

“కళ్ళు మూసుకుని ఏం చేస్తున్నారత్తయ్యా?”

“మాట్లాడకు. వేళ్ళు జారిపోతాయి.”

ఎడమ చిటికెనవేలు మూలనున్న బటన్ నొక్కిపట్టింది. కుడి చూపుడువేలు మధ్యలో దిగింది, పక్కకి జరిగింది. ఎడమ చిటికెనవేలు ఒక్కసారి లేచి పడింది. మళ్ళీ కుడి చూపుడువేలే, కిందికీ పైకీ. ఆ పైన పై వరసలో నాలుగు దెబ్బలు. శ్రీదుర్గ ఆ వేళ్ళ కింద పడిన అక్షరాలు కూడబలుక్కుని చదివి, అత్తగారి మొహంలోకి చూసింది. అతని పేరులో ముందు అక్షరాలు, ఆ వెనక నాలుగు అంకెలు. అంకెల్లో ఒకటి తేడా పడి తొమ్మిదిసార్లు తప్పింది. అతని బండి గుమ్మం ముందు మూడుసార్లు ఆగింది కదా అని గుర్తు తెచ్చుకున్నాక, ఆ నంబరు కొడితే తలుపు తెరుచుకుంది. సెక్యూరిటీ అంటే బండి నంబరన్నమాట.

అక్కడితో ఆగితే అది ఒక ఇంటి సంగతి. మరో పది రోజులకు దెందులూరులో ఆడపడుచు కొడుకు అబ్బాయిరాజు ఇంటికి ఆమె చూడ్డానికి వెళ్ళింది. అతనికీ ప్రింటరు పనిచేయక, భానుప్రకాష్ రాక నాలుగు రోజులట.

“నీకభ్యంతరం లేకపోతే ఒకసారి చూస్తాను” అంది.

“నువ్వా అత్తా? కాలిపోతుందేమో చూడు” అని అబ్బాయిరాజు నవ్వాడు.

అవే వేళ్ళు నడిపింది. తెరుచుకుంది. అబ్బాయిరాజు నవ్వు ఆగిపోయింది. తరవాత శ్రీదుర్గను తీసుకొచ్చి చూపిస్తే ఇంకొకటి బయటపడింది. భానుప్రకాష్ తన సెల్లులోంచే ఆ కంప్యూటరులోకి వచ్చి చూసుకునే యాప్ ఒకటి అందులో పెట్టి ఉంచాడు. ఇంటికెళ్ళి చూస్తే తమ దాంట్లోనూ ఉంది.

“అంటే మనం లేనప్పుడు మన ఇంట్లోకి రావచ్చు” అంది వెంకటనరసమ్మ.

“వచ్చాడని కాదత్తయ్యా. రావచ్చు.”

“వచ్చాడో లేదో అతనికే తెలియాలి. ఎన్నిళ్ళు ఉంటాయి?”

డ్వాక్రా సంఘం పాత పుస్తకం వెనక అట్ట మీద ఊరూరా విచారించి రాసుకుంది. నలభై మూడు ఇళ్ళు. అన్నిటికీ ఒకటే తాళం. ఒక్క ఇంట్లో కూడా అతని తాళం మిగలకూడదని ఆ రోజు అనుకుంది. శ్రీదుర్గ ఉద్యోగం తిరిగి రాదు, కానీ అతను ఉంగుటూరు దాటడం కోసం ఇంకే ఇల్లూ ఎదురుచూడకూడదు. అతను కొట్టు ముందు ఈగలు తోలుకోవాలి.

సెప్టెంబరులో పదకొండు ఇళ్ళు, అక్టోబరులో పంతొమ్మిది. అత్తాకోడళ్ళిద్దరూ పాస్ బుక్కు చూపించి అప్పడిగేవాళ్ళలా కాకుండా చుట్టపుచూపుగా వెళ్ళేవారు. శ్రీదుర్గ ఇంగ్లీషు చదివేది, వెంకటనరసమ్మ ఇంటివాళ్ళకు చెప్పేది. పెద్ద పాస్‌వర్డు ఇంటి యజమానిది, రోజువారీ వాడకానికి వేరే దారి. ట్రాక్టరు నంబరు వద్దు, ఊరంతటికీ తెలుసు. పిల్ల పేరూ వద్దు, దేవుడి పేరు పక్కన ఒకటి రెండు మూడూ వద్దు. సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పెట్టుకోండి, గుర్తుండకపోతే కాగితం మీద రాసి బీరువాలో పొలం కాగితాల మధ్య పెట్టండి, తెర మీద అతికించకండి. వైఫై డబ్బా అడుగున రాసి వచ్చినది అలాగే ఉంచకండి. మాట వినపడకపోతే ముందు ఏ స్పీకరుకు పోతోందో చూడండి, ఆ తరవాతే ఎవరినైనా పిలవండి.

యజమాని కొత్త పాస్‌వర్డు కొట్టే సమయానికి ఆమె ఆ గదిలో ఉండేది కాదు. “నా కళ్ళు మంచివి కావండీ, నేను పెరట్లో ఉంటాను” అని చెప్పి లేచిపోయేది. ఒకావిడ “మీకు తెలిస్తే ఏం పిన్నిగారూ, మీరే పెట్టండి” అంటే, “ఒకడి తాళం తీసి నాది వెయ్యడానికి రాలేదమ్మా” అంది.

నవంబరు మధ్యకు నలభై రెండయ్యాయి. డిసెంబరు రాగానే భానుప్రకాష్ గుండుగొలను వచ్చాడు. చెప్పులు మెట్ల కింద విడిచి అరుగు మీద కూర్చున్నాడు.

“నా పొట్ట కొడుతున్నారు మామ్మగారూ.”

“నేనేం కొట్టాను భానుప్రకాష్ గారూ? దారాలు అల్లుకునేదాన్ని. ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటున్నారు.”

“పొరపాటైపోయిందండీ. ఆ రోజు గూడెంలో ఒక షాపు ఓపెనింగులో ఇరుక్కుపోయాను.”

“ఉంగుటూరు దాటారు కదండీ, రెండుసార్లు.”

అతను చేతులు కట్టుకున్నాడు. “ఒక్కటి అడుగుతానండీ. మండవల్లి అవతల గంగరాజు గారని ఉన్నారు. మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. అది మా మావగారిల్లండీ. ఆయన చెరువుల మీద పద్నాలుగు కెమెరాలు నేనే పెట్టాను. అల్లుడంటే ఆయనకి ఎంతో గొప్ప. మీరెళ్ళి తాళం అల్లుడి దగ్గరే ఉందని చెబితే, ఆ ఇంట్లో నేను తలెత్తలేనండీ. ఆ ఒక్క ఇల్లు వదిలెయ్యండి. నేనే వెళ్ళి మార్చేస్తాను.”

“మీరే మారిస్తే మళ్ళీ మీదే అవుతుంది.”

“పెద్దవారు.”

“అవునండీ, వీటి దగ్గరికి రాకూడని పెద్దదాన్ని. సరే, ఒకటడుగుతాను, సరిగ్గా చెప్పండి. వదిలేస్తాను. ఆ గురువారం మా కోడలు మీకు ఎన్నిసార్లు ఫోన్ చేసింది?”

అతను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. “మూడు... నాలుగండీ.”

“పదకొండు. రెండు ఎత్తారు. తొమ్మిది చూసి ఊరుకున్నారు.”

శ్రీదుర్గ గుమ్మంలోకి వచ్చింది. “వదిలేద్దాం అత్తయ్యా. ఇంక చాలు. నలభై రెండిళ్ళు అయ్యాయి కదా.”

“నువ్వు వదిలేశావమ్మా. అది నీ మంచితనం. నా దగ్గర అది లేదు.” వెంకటనరసమ్మ అతని వైపు తిరిగింది. “మా కోడలికి దండం పెట్టుకుని వెళ్ళండి. నాకు పెట్టినా లాభం లేదు. మీ మావగారు మొన్ననే కబురు పెట్టారు. పక్క చెరువులవాళ్ళు చెప్పారట.”

భానుప్రకాష్ లేచాడు. శ్రీదుర్గ వైపు చూసి చేతులు జోడించాడు. ఆ పిల్ల తల ఊపింది. వెంకటనరసమ్మ అతని చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా విని, లోపలికి వెళ్ళి చీరలు సర్దుకుంది.

డిసెంబరు మూడు, బుధవారం నాడు, నలభై రెండిళ్ళలో చూసిన ఇంగ్లీషు మాటలు ఇప్పుడు తనకే గుర్తుండటంతో, ఒక్కతే ఏలూరు వెళ్ళి, కైకలూరు బస్సెక్కి, అక్కణ్ణించి మండవల్లి చేరింది. గంగరాజు గారు అల్లుణ్ణే బండి ఇచ్చి పంపారు, ఆవిణ్ణి చెరువుల దాకా తీసుకురమ్మని. అక్కడ జరిగింది ఆ రాత్రి కోడలికి ఫోన్‌లో ఆవిడే చెప్పింది.

“గంగరాజు గారు అడిగారమ్మా, ఇన్నాళ్ళూ ఈ తాళం ఎవరి దగ్గరుందీ అని. అల్లుడుగారి వైపు చూశాను, అంతే.”

“ఆయనేమన్నారు?”

“ఏమనలేదు. అరిచినా బాగుండేది అతనికి. ఆ పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టడానికి పావుగంట పట్టింది. ‘రండి అల్లుడుగారూ, మనకిక్కడ పనిలేదు’ అని అతన్ని నేనే గట్టు మీదికి తీసుకెళ్ళాను. పద్నాలుగు కెమెరాలు ఒక్కొక్కటే ఆరి, మళ్ళీ వెలిగాయి. అన్నీ అయ్యేదాకా నా పక్కనే నిలబడ్డాడు.”

“మరి రేపు వచ్చేస్తారా అత్తయ్యా?”

“ఎక్కడ. గంగరాజు గారు చూసి, చుట్టుపక్కల ఇంకో నాలుగు చెరువులవాళ్ళకి చెప్పారు. వీళ్ళవీ అతను పెట్టినవే, మన పుస్తకంలో లేవు. రాసుకో, మొత్తం నలభై ఏడు.”

శ్రీదుర్గ రాసుకుంది. ఆ నలుగురిలో ఆఖరివాళ్ళు శనివారం సాయంత్రానికి గానీ ఇంట్లో ఉండరట. వెంకటనరసమ్మ గుండుగొలను తిరిగి వచ్చేది డిసెంబరు ఏడు, ఆదివారం. కొంగున ముడి విప్పేదీ ఆ రోజే.