సరోజమ్మగారి కొసరు

సరోజమ్మగారు కన్నుమూశారన్న వార్త పోయిన గురువారం ఉదయం నిజాంపేటలోని మా పొడుల కేంద్రంలో విన్నాను. చేతిలోని జల్లెడ చేతిలోనే ఉండిపోయింది. పెద్ద చదువు లేని నాకు ఇలాంటివి రాయడం చేతకాదు. అయినా పన్నెండేళ్ళు ఆమె పక్కన నిలబడి కందిపొడి, నల్లకారం పొట్లాలు కట్టినదాన్ని, నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

కర్నూలు వైపు నుంచి వచ్చిన ఆ మహాతల్లి వంటింట్లో మొదలుపెట్టిన పొడులు జర్మనీ దాకా వెళ్ళాయి. అక్కడివాళ్ళ కోసం కారం తగ్గించమన్నారు కొందరు. "తగ్గిస్తే అది వాళ్ళ పొడి అయితాది. వాళ్ళ పొడి వాళ్ళకు లేకనా మనల్ని అడిగేది?" అని ఆమె కొట్టిపారేశారు.

మొదటిసారి జర్మనీకి పెద్ద సరుకు పంపినప్పుడు నేనొక పొరపాటు చేశాను. తూచాక ఒక చెంచా కొసరు వేయడం నా చేతికి అలవాటు. కొసరు వేయని కొట్టుకు మళ్ళీ ఎవరు వెళతారు? ప్రతి పొట్లంలోనూ వేశాను. అక్కడి రేవులో పెట్టెల బరువు కాగితాల్లో రాసినదానికంటే ఎక్కువ వచ్చింది. లోపల ఇంకేదో దాచారని అనుమానించి సరుకంతా ఆపేశారు.

"ఏమే యాదమ్మా, ఏం చేసినావే?"

"కొసరేసిన అమ్మా. గిట్లయితదని నాకేమెరుక?"

"జర్మనీకి గూడా కొసరేసినావా తల్లీ!" అని ఆమె నవ్వారు గానీ, నాకు ఏడుపొక్కటే తక్కువ.

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఆమె కూతురు మాధవి, అక్కడి కొనుగోలుదారుతో ఫోనులో మాట్లాడింది. తప్పు చేసిన మనిషిని తీసేస్తేనే ఇకముందు కొంటాడట.

"ఒక్క మనిషి కోసం ఇంత వ్యాపారం పోగొట్టుకుంటావా అమ్మా?" అంది మాధవి.

"తక్కువ తూచింటే నేనే పంపించేద్దును. ఈయమ్మ ఎక్కువేసింది. ఎక్కువ పెట్టినోళ్ళను గూడా మీ దేశంలో తీసేస్తారా అని అడుగు."

మాధవి అడిగింది. అయితే ఎందుకు వేశారని అతను తిరిగి అడిగాడు. కొన్నవాళ్ళు మళ్ళీ రావాలని వేశామని చెప్పించారు సరోజమ్మగారు. బరువులు సరిదిద్ది కాగితాలు మళ్ళీ పంపాక సరుకు కదిలింది. నా పనీ నిలిచింది.

ఆ రోజు నన్ను కూర్చోబెట్టి ఆమె అన్న మాట మరువలేను: "మనకు కొసరేసి ఇవ్వడం మర్యాద. వాళ్ళకు రాసిందే ఇవ్వడం మర్యాద. వాళ్ళింటికి పంపేటప్పుడు వాళ్ళ మర్యాదే చేయాల."

అప్పటి నుంచి పెట్టె మూసే ముందు నా చేతివైపు ఒక చూపు చూసేవారు. "నీ చేతిని నమ్మేదానికి లేదే!" అని అందరిలో ఆటపట్టించేవారు.

నిన్న జర్మనీ సరుకు నేనే తూచాను. గ్రాము తేడా లేదు. నా చేతివైపు చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. అంత పెద్ద వ్యాపారానికి ఎదురుగా నన్ను నిలబెట్టి, నావైపు మొగ్గిన ఆ తల్లికి చేతులెత్తి మొక్కుతున్నాను.