ఎండల చూడని రంగు

మొన్న మ్యాచింగ్ సెంటర్‌ల కొత్త గుడ్డల వాసనకు, మా సుజాతత్త పెండ్లి కాకముందటి రోజులు గుర్తొచ్చినయ్. చీరలకు జాకెట్ ముక్కల కోసం అత్త నన్ను తోలుకొని హనుమకొండ పోయేది. దుకాణంల శీనన్న ముక్క తీసి, "లైటు కింద రంగు తెల్వది, ఎండల చూద్దాం పా" అనేటోడు. ఇద్దరూ బయట నిలబడి, నవ్వుకుంట ఎంతసేపు చూసేటోళ్లో! రంగు కలుపుడు అంత కష్టమేమో అనుకునేదాన్ని.

తాత తొర్రూరు సంబంధం ఖాయం చేసినంక, నిశ్చితార్థం చీర పట్టుకొని అదే దుకాణానికి పోయినం. శీనన్న తలెత్తకుంట ముక్క కత్తిరించి ఇచ్చిండు.

"ఇయ్యాల ఎండల చూస్తలేరేంది?" అని అడిగిన.

"ఏ రంగైతేంది బిడ్డా, పా" అన్నది అత్త.

ఇప్పటికీ అత్త ఏ చీర కట్టినా చేతికందిన జాకెట్ వేసుకుంటది. మామ ఒక్కనాడూ గమనించలే.